మూడో తప్పు

ప్రభువు బల్ల ముగిసి చర్చి మెట్లు దిగుతూ లీలారాణి ఫోను ఆన్ చేసింది. అది ఒక్క క్షణం ఊరుకుని, ఆ తర్వాత చేతిలో వణకడం మొదలుపెట్టింది. మిస్‌డ్ కాల్స్. ఒకటీ రెండూ కాదు, తెర నిండా అవే. అన్నీ ఆసుపత్రి లేబర్ వార్డు నంబరు నుంచే.

నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అందుకునే వేళ ఎవరి ఫోనైనా మోగిందంటే పాస్టరుగారు చేయి ఆపి మరీ చూస్తారు. పైగా లీలారాణి భర్త కృపారావు పాటలు ఎత్తి పాడించేవాడు. సంఘమంతటి చేతా పాడించే మనిషి భార్య ఫోను మధ్యలో కూస్తే ఇంకేమన్నా ఉందా! అందుకని ఆదివారం చర్చిలో ఉన్నంతసేపూ ఆమె ఫోను నోరు మూసుకుని సంచిలో పడుంటుంది.

"ఏటైనాది?" అన్నాడు కృపారావు వెనకే దిగుతూ.

"తెలీదు. సేస్తే ఎవరూ ఎత్తట్లేదు. నేను ఆసుపత్రికెల్తాను. నువ్వు అన్నం తినీసి తొంగో."

ఆదివారం శ్రీకాకుళంలో ఆటో దొరకడమే ఒక వరం. ఉన్న ఆటోలన్నీ అరసవల్లి గుడికి పోయే జనాన్ని మోస్తుంటాయి. దొరికిన ఆటో ఏడు రోడ్ల కూడలిలో ఇరుక్కుపోయింది. లీలారాణి ముందు దేవుణ్ణి ప్రార్థించింది, తర్వాత ట్రాఫిక్‌ని తిట్టింది, తిట్టినందుకు క్షమించమని మళ్ళీ ప్రార్థించింది. వార్డులో నిన్న సాయంత్రం ఎవరెవరుండగా తను దిగి వచ్చిందో ఒక్కొక్క మంచమే గుర్తు చేసుకుంది. పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఉష దగ్గర ఆమె ఆలోచన ఆగిపోయింది. తొలికాన్పు. బిడ్డ బరువుగా ఉంది.

లేబర్ వార్డు గుమ్మం పక్కన నేల మీద ఉష అత్త బుల్లమ్మ కూర్చునుంది. లీలారాణిని చూడగానే లేచి రెండు చేతులూ పట్టేసుకుంది.

"వచ్చినావా తల్లీ! నువ్వు వార్డులో నేవనీసి నా గుండె జారిపోనాదమ్మా. నెత్తురు కాలవలాగ పోనాది. బతికించీసినారు నా కోడల్ని. మనవడు పుట్టినాడు."

లీలారాణి చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ఉష సున్నం వేసిన గోడలాగా పాలిపోయి నిద్రపోతోంది. లీలారాణి ఆమె కింది రెప్ప లాగి చూసింది. నాడి పట్టింది. పొట్ట మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కింది. గర్భసంచి గట్టిగా బిగుసుకుని చేతికి తగిలింది. కింద గుడ్డ తీసి చూసింది, అంతగా తడవలేదు. "స్తోత్రం తండ్రీ" అంది పైకే. ఆ గట్టిదనం చేతికి తగిలినప్పుడల్లా ఆమె ఆ మాట అంటుంది. ఇన్నేళ్ళ నర్సు పనిలో ఆ మాట అరిగిపోలేదు.

షాలిని వెనక గదిలో ట్రేలు కడుగుతోంది. ఆ పిల్ల లీలారాణి చర్చి పిల్లే. సిరంజి పట్టుకోవడం కూడా లీలారాణి దగ్గరే నేర్చుకుంది. ఇటు తిరగకుండానే ఏడుస్తోందని వీపు చూస్తేనే తెలిసిపోయింది.

"ఏటైందే?"

"నెత్తురు ఆగలేదమ్మా. మన దగ్గరున్న ఇంజెక్షన్లన్నీ ఇచ్చీసినాం. డాక్టరమ్మ కింద ఫ్రిజ్‌లో ఉన్నది తెమ్మన్నారు. సిస్టం తెరిసినాను. మీ పాస్‌వర్డు మారిపోయినాది."

లీలారాణి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

ఆ ఆసుపత్రిలో ఖరీదైన ఇంజెక్షన్లు కింద మందుల షాపు ఫ్రిజ్‌లో ఉంటాయి. అవి పైకి రావాలంటే ఫలానా మందు కావాలని కంప్యూటరులో ఇండెంటు పెట్టాలి. వార్డుకి ఒక్కరికే ఆ అధికారం, ఇన్‌ఛార్జి సిస్టరుకి. చీటీల మీద మందులు మాయమవుతున్నాయని మేనేజరు అనంతపద్మనాభంగారు చీటీలు రద్దు చేశారు. బాగానే ఉంది. మరి కాన్పులు ఇన్‌ఛార్జి సిస్టరు డ్యూటీ చూసుకుని వస్తాయా? అందుకని లీలారాణి తన పాస్‌వర్డు వార్డు పిల్లలందరికీ చెప్పేసింది. డ్యూటీ మారే వేళ ఏ మంచంలో ఎవరు, ఎవరికి సెలైన్ ఎంతవరకు ఎక్కింది అని అప్పజెప్పినట్టే అదీ అప్పజెప్పేది. పిల్లలు దాన్ని 'లీలమ్మ లాగిన్' అనేవారు, అదేదో వార్డు సొత్తయినట్టు.

నెలకోసారి పాస్‌వర్డు మార్చి తీరాలని, మూడుసార్లు తప్పు కొడితే లాగిన్‌కి తాళం పడుతుందని కంప్యూటరు కుర్రాడు హరిచరణ్ రూలు పెట్టాక లీలారాణి పాటల పుస్తకాన్ని ఆశ్రయించింది. నెల మొదటి ఆదివారం కృపారావు మొదట ఎత్తే పాట ఏదో, ముందు తన పేరు పెట్టి వెనక దాని నంబరు తగిలిస్తుంది. ఆ నెలంతా ఆ పాటే కూనిరాగం తీస్తూ పని చేస్తుంది. చర్చి పిల్లలకి రాగం వింటే నంబరు వచ్చేస్తుంది. మిగతావాళ్ళు వీళ్ళనడిగి తెలుసుకుంటారు. నిన్న సాయంత్రం కృపారావు ఫోనులో పాట చెప్పాడు, ఆమె పాస్‌వర్డు మార్చింది. అప్పజెప్పే వేళకి ఒక కాన్పు మీద పడింది. ఆ గొడవలో చెప్పడం మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయింది.

"ముందు పోయిన నెల్ది కొట్టినాను. తప్పన్నాది. నిన్న మీరు పని సేస్తా ఏ పాట పాడినారో గుర్తు సేసుకుని దాని నంబరు కొట్టినాను. అదీ తప్పన్నాది."

"ఏ పాటే?"

షాలిని ముక్కు తుడుచుకుని రెండు చరణాలు సన్నగా పాడింది. పాట అదే.

"ఏ నంబరు కొట్టినావు?"

షాలిని చెప్పింది. లీలారాణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"అది కొత్త పుస్తకం నంబరే. నాది పాత పుస్తకం."

కొత్త పుస్తకం వేసినప్పుడు ముందు కొన్ని పాటలు చేర్చారు. దాంతో నంబర్లన్నీ జరిగిపోయాయి. చర్చిలో పెద్దవాళ్ళు పాత పుస్తకం వదలరు, పిల్లలు కొత్తది తప్ప ముట్టరు. ప్రతి ఆదివారం గోడ మీది బోర్డులో రెండు నంబర్లూ రాయలేక కృపారావు విసుక్కుంటూ ఉంటాడు. ఆ గొడవ వచ్చి వచ్చి ఉష మంచం దగ్గర పడుతుందని ఎవరనుకున్నారు!

"మూడోది?"

"మూడోది నేను కొట్టలేదమ్మా."

"మరెవరు?"

షాలిని మళ్ళీ ట్రేల మీదకి వంగిపోయింది. "అడక్కండమ్మా. మూడోసారి తప్పగానే తాళం పడిపోనాది. డాక్టరమ్మే కిందకి పరిగెత్తి జోగయ్య మీద అరిసి మందు తెచ్చినారు." జోగయ్య మందుల షాపు మనిషి. సిస్టంలో పడితే తప్ప కన్నతల్లికైనా మందు ఇవ్వడు.

లీలారాణి షాలిని చేతిలో ట్రే తీసుకుని తను కడగడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున నోటీసు బోర్డు దగ్గర నలుగురు గుమిగూడి ఉన్నారు. లీలారాణి రాగానే చెదిరిపోయారు. పోయిన నెలంతా ఎవరి లాగిన్ ఎన్నిసార్లు తాళం పడిందో పేర్లతో సహా అంటించడం మేనేజరుగారి కొత్త పద్ధతి. నిన్నటిది కూడా కలిపేశారు. మొదటి పేరు లీలారాణిది. లెక్కలో రెండో పేరుకీ ఆమె పేరుకీ మధ్య చాలా దూరం ఉంది.

ఆ ఊళ్ళో ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళు ఆటోలు తోలుతున్నారు, కోర్టులో వాదిస్తున్నారు, ఒకామె ఈ మధ్యనే తన బిడ్డని కనడానికి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. అలాంటి మనిషి పేరు చేతకానివాళ్ళ జాబితాకి ఎక్కింది. లీలారాణి కొంగు సర్దుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

అనంతపద్మనాభంగారు కఠినంగా మాట్లాడలేదు. కఠినంగా మాట్లాడినా బాగుండేది.

"కూర్చోండి సిస్టర్. వయసు అందరికీ వస్తుంది. కంటికి అక్షరాలు ఆనవు, వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పడుతుంది. నాకూ అంతే. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. రికార్డు రూములో మనిషి అవసరముంది. హాయిగా కూర్చుని చేసే పని, ఈ కంప్యూటరు బాధ ఉండదు. బుధవారం డాక్టరుగారి ముందు మాట్లాడి ఖాయం చేద్దాం."

రికార్డు రూమంటే మెట్ల కింద గది. పాత కేసు షీట్లు, కలరా ఉండల వాసన. అక్కడ ఏ బిడ్డా ఏడవదు.

తను నిన్న డ్యూటీలోనే లేదని ఒక్క మాట అంటే చాలు, చూపు ఆనకపోవడం, వేలు తప్పడం అన్నీ కొట్టుకుపోతాయి. కానీ ఆ మాట వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. మీరు లేకుండా మీ పేరు మీద కొట్టిందెవరు? పాస్‌వర్డు ఒకరికి చెప్పినా, ఒకరిది వాడినా ఇద్దరి ఉద్యోగమూ పోతుందని అందరి చేతా సంతకాలు పెట్టించారు. షాలిని జీతం మీద ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అలాగేనండి" అని లేచి వచ్చేసింది.

సాయంత్రం కృపారావు అన్నీ విని, "సెప్పీయే, నువ్వు నేవని" అన్నాడు.

"సెప్తే షాలిని పోద్ది."

"నువ్వు పోతావు కదా మరి!"

"నేను రికార్డు రూముకే కదా పోతాను" అంది. అన్నదే గానీ అన్నం సహించలేదు.

ఆదివారం పడ్డ తాళాన్ని సోమవారమే కింద నుంచి తీసేసిన హరిచరణ్, మంగళవారం స్వయంగా లేబర్ వార్డుకి వచ్చాడు. అరసవల్లి కుర్రాడు, గుళ్ళల్లో సన్నాయి వాయించే వాళ్ళింట్లో పుట్టి కంప్యూటర్లలో పడ్డాడు. ఆసుపత్రిలో అతన్ని 'తాళాల బాబు' అంటారని అతనికీ తెలుసు.

"కీబోర్డు సూడ్డానికొచ్చానమ్మా."

"సూడు బాబూ. నా కళ్ళు కూడా సూస్తావా? మీ మేనేజరుగారు ఆనటం లేదన్నారు."

అతను మూలనున్న బల్ల దగ్గర గోడకి తిరిగి కూర్చున్నాడు. తెర అవతల ఒకామెకి నొప్పులు ఎక్కువయ్యాయి. లీలారాణి అతన్ని మరిచిపోయింది.

"నొప్పి వచ్చినప్పుడే ముక్కు తల్లీ. నొప్పి లేనప్పుడు ఊపిరి తీసుకో. నోరు ముయ్యి, అరుపుల్లో బలమంతా పోద్ది. అదీ, అలగ. తల కనపడతన్నాది. ఇప్పుడు ముక్కకు, ఆగు, ఆగు తల్లీ, మెల్లగా."

ఎడమ చేత్తో బిడ్డ తల ఒక్కసారిగా రాకుండా ఆపి, కుడి చేత్తో కింద గుడ్డ అదిమి పట్టింది. మెడకి పేగు చుట్టుకుందేమో వేలితో చూసింది, ఒక చుట్టు ఉంది, వదులుగానే ఉంది. తల మీదుగా తప్పించింది. భుజాలు తిరిగాయి. బిడ్డ జారి చేతుల్లోకి వచ్చింది. గుడ్డతో వీపు రుద్దుతుంటే కాసేపు ఏ చప్పుడూ లేదు. గోడకి తిరిగి కూర్చున్నవాడి భుజాలు బిగుసుకున్నాయి. అప్పుడు బిడ్డ ఏడ్చింది.

"స్తోత్రం తండ్రీ. ఆడపిల్ల."

అన్ని పనులూ అయ్యాక లీలారాణి తొడుగులు విప్పి, మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, కంప్యూటరు దగ్గరికి వచ్చింది. హరిచరణ్ లేచి కుర్చీ ఇచ్చి అటు తిరిగాడు. ఆమె పాస్‌వర్డు కొట్టింది. ఒక్కసారికే తెరుచుకుంది. బిడ్డ పుట్టిన వేళ, బరువు ఎక్కించింది. అతని ముఖం చూస్తే నెత్తురు చుక్క లేదు.

"టీ తాగుతావా బాబూ? కొత్తోళ్ళకి అలాగే ఉంటాది."

పిల్లలు ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చారు. అతను తాగుతూ మెల్లగా అన్నాడు.

"పొద్దుట్నుంచి సూస్తన్నాను. మీరు ఒక్కసారి కూడా తప్పు కొట్టలేదు."

"ఎందుకు కొడతాను?"

"లెక్కలన్నీ తీసి సూసానమ్మా. మీ లాగిన్ తాళం పడ్డవన్నీ ఆదివారాలే. మిగతా రోజుల్లో ఒక్కటీ నేదు."

లీలారాణి గ్లాసు పక్కన పెట్టేసింది. ఆదివారం ఆమె రాదని వాచ్‌మన్‌కి కూడా తెలుసు. మిగతా రోజుల్లో పాస్‌వర్డు తట్టకపోతే పిల్లలు ఆమెనే అడిగి కొడతారు, ఆదివారం అదీ కుదరదు. అంటే ఇతనికి అంతా తెలిసిపోయింది. రేపు బుధవారం. ఈ ఒక్క ముక్క మేనేజరు చెవిన వేస్తే రికార్డు రూము కూడా మిగలదు. ఆ భయమే కోపమై పైకి వచ్చింది.

"మూడుసార్లేటి బాబూ మూడుసార్లు? పది పెడితే నీ సొమ్మేటి పోయింది? ఆదివారం ఒక తల్లి పోయేది నీ తాళం వల్ల."

అతను తల దించుకున్నాడు. కోప్పడలేదు.

"నిజమేనమ్మా. కానీ ఒక మాట వినండి. మీరు ఏటి పెడతారో నాకు తెలీదు, తెలియకూడదు కూడా. ఎవరేటి కొట్టారో నా లెక్కల్లోకి రాదు, ఎప్పుడు తప్పారు, ఏ కంప్యూటరు మీద తప్పారు అంతే వస్తాది. మామూలుగా జనం ఏటి పెడతారు? పుట్టినరోజు, బండి నంబరు, పిల్లల పేరు. ఎన్నిసార్లయినా కొట్టుకోమని వదిలీస్తే ఓపికున్నోడెవడైనా కూర్చుని పట్టీస్తాడు. తరవాత మీ పేరు మీద మందులు పట్టుకుపోతాడు. దొంగ మీరవుతారు. మూడింటికి తలుపు మూసీస్తే వాడి ఓపిక పనికిరాదు."

లీలారాణికి పాటల పుస్తకం కళ్ళ ముందు కనిపించింది. ఎంత లావున్నా దానికీ ఒక చివరి పాట ఉంది. ఓపికున్నవాడు మొదటి నంబరు నుంచి మొదలుపెడితే ఒక పూటలో ముగించేస్తాడు. ఇన్నాళ్ళూ తన పేరుని అల్లరిపాలు కాకుండా కాచింది ఈ పాడు తాళమేనన్నమాట. అది తెలిసి ఆమెకి కొంచెం సిగ్గేసింది, కొంచెం కృతజ్ఞత కలిగింది. రెండూ పైకి చెప్పుకోలేదు.

"రేపు సెప్తావా?" అంది.

"ఏటి?"

"ఆదివారాల సంగతి."

హరిచరణ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అబద్ధం ఆడలేనమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ మాటలో ఆమెకి దారి దొరకలేదు.

బుధవారం డాక్టర్ విశాలి గదిలో నలుగురున్నారు. పిల్లలు డాక్టరమ్మ అనేది ఆమెనే, ఆసుపత్రి ఆమెది. ఆమె తల ఎత్తకుండా కేసు షీట్ల మీద సంతకాలు పెట్టుకుంటోంది. మేనేజరుగారు జాబితా చదివి, రికార్డు రూము సంగతి చెప్పి, లీలారాణి సేవల్ని మెచ్చుకున్నారు. బతికుండగానే సంతాప సభ చేసినట్టుంది.

"ఏమంటారు సిస్టర్?"

"మీ ఇష్టమండి."

"సార్" అన్నాడు హరిచరణ్. "ఆ జాబితా తీసిచ్చింది నేనే. కానీ అది మనుషుల తప్పుల జాబితా కాదు. ఒక పేరు మీద ఎన్నిసార్లు తలుపు తట్టారో, అంతే. తట్టిన చేతులు ఎవరివో అందులో ఉండదు."

మేనేజరుగారు అతని వైపు తిరిగారు. "ఆమె పేరు మీద ఆమె కాక ఇంకెవరు తడతారయ్యా?"

హరిచరణ్ చెవులు ఎర్రబడ్డాయి. చెప్పలేడు, అబద్ధం ఆడలేడు. బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. నిన్న అన్న మాట భయపెట్టడానికి కాదని, తన ఇబ్బంది తను చెప్పుకున్నాడని లీలారాణికి అప్పుడు అర్థమైంది. తన కోసం పరాయి ఇంటి బిడ్డ అలా నలిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఆ బాబుని అడక్కండి" అంది. "నా పాస్‌వర్డు నా వార్డు పిల్లలందరికీ తెలుసు. నేనే సెప్పాను. నేను లేనప్పుడు పేషెంటుకి మందు ఆగిపోకూడదని సెప్పాను. పిల్లలు నా మాట మీద కొట్టారు. వాళ్ళనేటీ అనకండి. నన్నేటి సేసినా సరే."

మేనేజరుగారు కళ్ళజోడు తీశారు. ఆయనకి నిజంగానే బాధగా ఉంది. "సంతకం పెట్టారు కదా సిస్టర్ మీరు. ఏమవుతుందో తెలుసు కదా."

"తెలుసండి."

అప్పటిదాకా ఆగని కలం ఆగింది. విశాలి దాని మూత పెట్టింది.

"నాకూ చెప్పింది" అంది.

"ఏమిటమ్మా?"

"పాస్‌వర్డు. సిస్టం పెట్టిన కొత్తలో ఒక కేసు దగ్గర చెప్పింది. ఆదివారం మూడోసారి కొట్టింది నేనే. షాలిని రెండుసార్లు తప్పి మూడోది కొట్టడానికి భయపడి ఆగిపోయింది. ఆ పిల్లని భుజంతో నెట్టేసి, నెత్తురు తొడుగులతోనే ఆ పాతది కొట్టాను. తాళం పడింది. ఆ పిల్ల ఆగి, నిమ్మళంగా ఆలోచించుకునుంటే సరైనది దొరికేదేమో."

విశాలి లీలారాణి వైపు తిరిగింది.

"సోమవారమే చెప్పాల్సింది లీలమ్మా. ఓనర్ని కదా, నేను చెప్పుకోకపోతే ఎవరడుగుతారులే అనుకున్నాను. నువ్వు నీ అంతట చెప్పేసరికి సిగ్గేసింది." మేనేజరుగారి వైపు చూసింది. "బాబాయ్‌గారూ, ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. నన్నెక్కడ వేస్తారు, రికార్డు రూములోనా?"

అనంతపద్మనాభంగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడిచి తుడిచి, నవ్వేశారు. "నాకు కావలసింది మందులు పోకుండా ఉండడమమ్మా. మనుషులు పోవాలని నేనెందుకనుకుంటాను? ఏం చెయ్యాలో ఈ కుర్రాణ్ణే చెప్పమనండి."

హరిచరణ్ జేబులోంచి కాగితమేదీ తీయలేదు. నిలబడే చెప్పాడు. డ్యూటీలో ఉన్న ప్రతి సిస్టరుకీ సొంత లాగిన్ మీదే అత్యవసర ఇండెంటు పెట్టే అధికారం ఇవ్వాలి. మందు ముందు పైకి వస్తుంది, డాక్టరు సంతకం తర్వాత పడుతుంది. ఎవరి పేరు మీద వచ్చింది వాళ్ళ పేరు మీదే ఉంటుంది. ఇంక ఒకరి పాస్‌వర్డు ఒకరికి అవసరమే ఉండదు.

"తాళం తీసేస్తావా?" అన్నారు మేనేజరుగారు.

"తియ్యనండి. మూడు మూడే. కానీ తాళం పడ్డాదంటే నా ఫోనుకి వస్తాది కదా, నేను జాబితాలో రాసుకుని ఊరుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంక మీదట ముందు వార్డుకి ఫోన్ సేస్తాను, ఎవరికేటైందని. దొంగైతే పారిపోతాడు. సిస్టరైతే తాళం తీసి, కొత్త పాస్‌వర్డు పెట్టుకోమంటాను."

"బోర్డు మీది కాగితం?" అంది విశాలి.

మేనేజరుగారు లేచారు. "నేనే అంటించాను, నేనే పీకుతాను" అని బయటికి వెళ్ళారు.

లీలారాణి వరండాలోకి వచ్చింది. కిటికీ పట్టుకుని నిలబడింది. హరిచరణ్ పక్కనే ఆగాడు.

"బాబూ, నిన్న నిన్ను నానా మాటలూ అన్నాను."

"నేను పెట్టిన తాళం కింద మీ వేలు నలిగినాది. అనకేటి సేస్తారు?"

"నీకు తెలిసి కూడా నీ నోటితో సెప్పలేదు. ఆ మేలు మరిచిపోను" అంది. ఆమె కళ్ళు నిండాయి. "డాక్టరమ్మకి ఆ మాట సెప్పాలని బుద్ధి పుట్టించినాడు సూడు, ఆ దేవుడికి ఏటిచ్చి తీర్సుకోను నేను."

హరిచరణ్‌కి ఏం చెయ్యాలో తెలియక, "టీ ఉందేటమ్మా వార్డులో?" అన్నాడు. ఉందంది.

ఆ రోజే ఉషని ఇంటికి పంపించారు. బుల్లమ్మ మనవణ్ణి ఒడిలో పెట్టుకుని ఆటో ఎక్కుతూ, "నీ పేరు పెట్టుకుందునమ్మా, మగపిల్లడైపోనాడు" అంది. లీలారాణి ఆటో మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడింది. మళ్ళీ మెట్లెక్కి తన వార్డుకి, తన మంచాల దగ్గరికి పోవడం ఎంత హాయిగా ఉందో! మెట్ల కింద గది తలుపు దాటుతూ దానికి కూడా ఒక నమస్కారం పెట్టింది.

మరుసటి ఆదివారం చర్చి మెట్ల మీద ఫోను ఆన్ చేసి లీలారాణి ఎదురుచూసింది. అది వణకలేదు. తెర ఖాళీగా ఉంది. పాడైపోయిందేమోనని కృపారావు చేత ఫోన్ చేయించుకుంది. శుభ్రంగా మోగింది.

"అయితే ఎవరికీ నువ్వు అక్కర్నేదన్నమాట" అన్నాడు కృపారావు ఆటపట్టిస్తూ.

ఆ మాటకి ఒక్క క్షణం చురుక్కుమంది. ఇంటికి నడుస్తుంటే చురుకు తగ్గింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తిని, ఎన్నాళ్ళకో ఆదివారం పూట కంటినిండా నిద్రపోయింది.

ఆదివారం పగలూ రాత్రీ రెండు డ్యూటీలూ చేసిన షాలిని సోమవారం పొద్దున వార్డు అప్పజెప్పింది. మంచం మంచం దగ్గర ఆగి, ఎవరికి ఏ మందు, ఎవరికి టెంపరేచరు, ఏ బిడ్డ పాలు పట్టడం లేదు, వరసగా చెప్పుకుంటూ వచ్చి కిటికీ పక్క మంచం దగ్గర నిలబడింది. అక్కడ పాలిపోయిన ముఖంతో ఒకామె బిడ్డకి పాలిస్తోంది.

"నిన్న పగలు కాన్పమ్మా. నెత్తురు ఆగలేదు, ఉషకి లాగే. కింద నుంచి ఇంజెక్షను తెప్పించినాను. డాక్టరమ్మ వచ్చీసరికే ఇచ్చీసినాను. గర్భసంచి బిగుసుకున్నాది. రాత్రంతా బాగానే ఉన్నాది."

లీలారాణి ఆమె పొట్ట మీద చెయ్యి ఆనించి చూసింది. స్తోత్రం చెప్పుకుంది. తర్వాత కంప్యూటరు దగ్గరికి వెళ్ళి నిన్నటి ఇండెంటు తెరిచింది. తెప్పించినవారు అన్నచోట షాలిని పేరుంది. తన పేరు ఎక్కడా లేదు. ఆ పేరు వైపు ఆమె చాలాసేపు చూసింది.

"జోగయ్య ఏటన్నాడే?"

"ఏటీ అన్లేదు. నా పేరు సూసి, ఇచ్చీసినాడు." షాలిని ముఖం వెలిగిపోతోంది.

"ఒక్కసారికే తెరుచుకున్నాదా?"

"ఒక్కసారికే."

"ఏటే నీ పాస్‌వర్డు?" అంది లీలారాణి, మంచాల సంగతి అడిగినంత మామూలుగా.

షాలిని కూడా అంతే మామూలుగా నోరు తెరిచింది. తెరిచి, ఆగిపోయింది. ఇన్నేళ్ళలో లీలమ్మ అడిగింది లేదనలేదు ఆ పిల్ల. పెదాలు బిగించి, తల అడ్డంగా ఊపింది.

"సెప్పనమ్మా."

లీలారాణికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"సెప్పకే తల్లీ" అంది. "నాకు కూడా సెప్పకు."